నీళ్ళతో నడపాలనుకున్న బక్కీ

మా బావ బక్కీ తన సొంత ఇంజనుతో చివరిసారి కదిలింది ఒక శుక్రవారం ఉదయం. ఆ తర్వాత అది ఇల్లు చేరిందీ, ఇల్లు విడిచి పోయిందీ ఎవరో తాడు కట్టి లాగితేనే. బక్కీ అంటే ఇక్కడ వెనక సామాను తొట్టి ఉన్న చిన్న ట్రక్కు. తెల్లవాళ్ళు, జూలూలు, తాతలకాలంలో చెరకు తోటల పనికి వచ్చిన మనవాళ్ళు, ఈ దేశంలో అందరూ దాన్ని ఆ మాటతోనే పిలుస్తారు.

నేను అవోకా అనే పేటలో మా అక్క ఇంటికి పక్క వీధిలో ఉంటాను. చక్కెర మిల్లు ప్రయోగశాలలో చెరకు రసం పరీక్షించే ఉద్యోగం చేసి రిటైరయ్యాను. నా భార్య పోయాక రాత్రి భోజనం అక్క ఇంట్లోనే. చిన్నప్పుడు గుడి వెనక రేకుల షెడ్డులో సాయంత్రం బడికి వెళ్ళి తెలుగు నేర్చుకున్నాను. ఆ అక్షరాలు చేతికి దూరం కాకూడదని డైరీ తెలుగులో రాయడం మొదలుపెట్టాను, ఇప్పటికీ మానలేదు. మామూలుగా అందులో ఉండేది వాన, ఎండ, ఎవరింట్లో పెళ్ళి, ఎవరు పోయారు, అంతే. అందరికీ వోటు వచ్చిన మొదటి ఎన్నికలకు ముందూ వెనకా ఉన్న ఆ కాలంలో మాత్రం పేజీల నిండా బక్కీయే ఉంది.

బావ కూరగాయలవాడు. ఏటి ఒడ్డున మునిసిపాలిటీ కౌలుకిచ్చిన చెక్కలో కొత్తిమీర, మెంతికూర, గోంగూర, పచ్చిమిర్చి, చేమదుంపలు పండించేవాడు. మిగతావి పొద్దున్నే మార్కెట్లో కొని, బక్కీ నింపుకుని, కొండమీద వీధులన్నీ తిరిగి ఇంటింటికీ అమ్మేవాడు. దాన్ని మేము రౌండు అనేవాళ్ళం. ప్రతి వీధి మూలా రెండు పొట్టి హారన్లు, ఒక పొడుగు హారను కొట్టేవాడు. ఆడవాళ్ళు గిన్నెలు, బేసిన్లు పట్టుకుని గేటు దగ్గరికి వచ్చేవాళ్ళు. కొన్నవాటిమీద ఒక కరివేపాకు రెబ్బో రెండు మిరపకాయలో ఊరికే పెట్టేవాడు. అలా ఊరికే ఇచ్చేదాన్ని ఇక్కడ బన్సేలా అంటారు. బన్సేలా పెట్టకపోతే పిల్లలు కూడా ఊరుకోరు.

ఆ రోజుల్లో రౌండు చిక్కిపోతూ వచ్చింది. ఊరి చివర పెద్ద దుకాణం పెట్టారు, కూరగాయలు ప్లాస్టిక్ సంచుల్లో చల్లగా అమ్ముతారు. లోపలి ఊళ్ళలో పార్టీల గొడవల వల్ల కొన్ని రోడ్లలోకి వెళ్ళడం మానుకోవాల్సి వచ్చింది. పెట్రోలు ధర పెరిగిన ప్రతిసారీ రేడియో ముందు బావ ముఖం ఇంత పొడవయ్యేది. బక్కీ ముసలిది, పెట్రోలు బాగా తాగేది. ఇలాగే తాగితే రౌండు ఆపేయక తప్పదని మా ముగ్గురికీ తెలుసు. రౌండు ఆగితే ఆ మనిషి ఏం చేస్తాడో మాకే కాదు, ఆయనకీ తెలియదు. పిల్లలు లేరు. చదువు లేదు. స్నేహితులంటే ఆ గేట్ల దగ్గర నిలబడే ఆడవాళ్ళే.

నీళ్ళ సంగతి రైస్‌థార్ప్ అనే ఊళ్ళో ఒక పెళ్ళిలో మొదలైంది. భోజనాల బల్ల దగ్గర ఎవరో బావకి చెప్పారట, నీళ్ళలోకి కరెంటు పంపితే వాయువు వస్తుందని, అది ఇంజనులోకి వదిలితే పెట్రోలు సగం చాలని. తిరిగి వచ్చేటప్పుడు దారంతా అదే మాట.

"బామ్మర్దీ, నువ్వు మిల్లులో ఇన్నేళ్ళు ఏం చేసినావు? నీళ్ళ నుంచి గ్యాసు వస్తాదా రాదా, అది చెప్పు."

"వస్తుంది బావా. హైడ్రోజను. కానీ దాన్ని తీయడానికి ఖర్చయ్యే కరెంటు కూడా నీ ఇంజనే ఇవ్వాలి. ఇచ్చినంత తిరిగి రాదు."

"రాదు అంటావు. మండేలా కూడా బయటికి రాడు అన్నావు."

అది నేను అన్నమాట నిజమే. నా కారులో వెనక కూర్చున్న అక్క నవ్వింది. ఆ తర్వాత నేనేం చెప్పినా ఆ వాదన నెగ్గలేకపోయాను. అప్పటి గాలి అలాంటిది. ఇళ్ళొస్తాయి, లైట్లొస్తాయి, అందరికీ నీళ్ళొస్తాయి అని ప్రతి గోడమీదా రాసి ఉన్న రోజులు. నీళ్ళతో బండి నడుస్తుందని ఒకాయన నమ్మితే ఆయన్ని పిచ్చివాడనడం అంత తేలిక కాదు.

చేస్తే సరిగ్గా చేద్దామని నేనే పూనుకున్నాను. మామిడికాయ ఊరగాయ పెట్టే పెద్ద గాజుజాడీ అక్క ఇచ్చింది. పలకలకి స్టెయిన్‌లెస్ స్టీలు కావాలి. బావ వంటింట్లోకి వెళ్ళి, తమ పెళ్ళిలో వచ్చిన కంచాల్లో నాలుగు తెచ్చి బల్లమీద పెట్టాడు.

"ఏటి, ఇయ్యి కోత్తావా?" అంది అక్క.

"తినేది మనం ఇద్దరమేగా. ఎన్ని కంచాలు కావాలి నీకు?"

"తమ్ముడు దేంట్లో తింటాడు? నీ బానెట్టులో పెట్టి తినమంటావా?"

మొత్తానికి కంచాలు కోశాం. మధ్యలో ప్లాస్టిక్ ముక్కలు పెట్టి పలకలు తగలకుండా బిగించాను. నీళ్ళలో కరెంటు బాగా పారడానికి కాస్టిక్ సోడా కలిపాను. మిల్లులో రసం కాచే పాత్రల్లో పేరుకున్న గారని మేము దాంతోనే కడిగేవాళ్ళం, అందుకని దాని స్వభావం నాకు తెలుసు. స్టీలుని ఏమీ చేయదు. అల్యూమినియాన్ని తినేస్తుంది. జాడీనుంచి వచ్చే వాయువు ఇంకో చిన్న సీసాలోని నీళ్ళగుండా బుడగలుగా వెళ్ళి, రబ్బరు గొట్టంలోంచి కార్బురేటరు నోటికి చేరేట్టు పెట్టాను. ఇంజనులో మంట వెనక్కి వస్తే ఆ చిన్న సీసా దగ్గరే ఆరిపోవాలని. జాడీలో నీళ్ళు తగ్గినప్పుడు పోయడానికి మూతకి ఒక రబ్బరు బిరడా. వాననీళ్ళు కాచి చల్లార్చినవే పోయాలని బావకి చెప్పాను. ఆయన దానికోసం ఒక కెటిల్ విడిగా పెట్టుకున్నాడు.

మొదటి పరీక్ష పెరట్లో చేశాం. గొట్టం చివర సబ్బునీళ్ళలో ముంచి, లేచిన బుడగకి అగ్గిపుల్ల పెట్టాను. టప్పుమని పేలింది. బావ చేతులు రెండూ నెత్తిమీద పెట్టుకుని నవ్వాడు. ఇంట్లోనుంచి అక్క గొంతు వినిపించింది: "దీపావళి ఇంకా దూరముంది గదా, ఏటి ఆ సప్పుళ్ళు?" బావ మళ్ళీ చేయమన్నాడు. మళ్ళీ మళ్ళీ చేయమన్నాడు. ఆయన అంత ఆనందంగా ఉండటం ఆ తర్వాత నేను చూడలేదు. ఆ రోజు డైరీలో "బుడగ పేలింది" అని మాత్రమే రాసుకున్నాను.

తర్వాత రోడ్డుమీద పరీక్షలు. ఒకే కొండ, ఒకే బరువు, కొలిచి పోసిన పెట్రోలు. మొదటివారం బక్కీ మునుపటికంటే కొంచెం ఎక్కువ దూరమే వెళ్ళింది. బావ వీధంతా చెప్పేశాడు. నేను పక్కసీట్లో కూర్చుని గమనించింది వేరు. జాడీ పెట్టినప్పటినుంచీ ఆయన గాజు సామాను మోస్తున్నట్టు మెత్తగా నడుపుతున్నాడు. ఎత్తులో గేరు ముందే మారుస్తున్నాడు, రోబో ఎర్రగా ఉంటే దూరంనుంచే కాలు తీసేస్తున్నాడు. ట్రాఫిక్ లైటుని ఇక్కడ రోబో అంటారు. అందుకని ఒక రోజు ఆయనకి చెప్పకుండా జాడీ తీగ ఊడదీసి అదే దారిలో వెళ్ళనిచ్చాను. దూరం అంతే వచ్చింది.

సాయంత్రం చెప్పాను. "బావా, ఇది నీ కాలు చేస్తున్న పని. జాడీ చేసింది కాదు."

"నా కాలు పుట్టినప్పటినుంచి నాతోనే ఉంది. ఇప్పుడే బుద్ధొచ్చినాదా దానికి?"

"జాడీ ఉన్నందుకు వచ్చింది."

"మరి జాడీ పనిచేసినట్టే గదా."

ఇంకొకటి కూడా చెప్పాను. జాడీకి ఇచ్చే కరెంటు కోసం ఆల్టర్నేటరు అదనంగా కష్టపడుతోందని, ముసలి ఇంజనుకి అది మంచిది కాదని, తీసేసి ఇలాగే మెత్తగా నడిపితే చాలని. ఆయన లేచి వాననీళ్ళ కెటిల్ పొయ్యిమీద పెట్టాడు. తర్వాత, "పని చెయ్యలేదని నువ్వు రాసుకో, పరవాలేదు. నేను మాత్రం తియ్యను. ఐకోనా," అన్నాడు. ఐకోనా అంటే కుదరదని. పొలంలో, మిల్లులో, రేవులో అందరికీ తెలిసిన మాట అది, దాని తర్వాత ఎవరూ మాట పెంచరు.

ఇప్పుడు అనుకుంటే ఆయన వైపునుంచి అది సరైనదే. జాడీ ఉంటే రౌండుకి దారి ఉంది. జాడీ తీసేస్తే ఉన్నది ముసలి బక్కీ, రేడియోలో పెట్రోలు ధర.

ఎన్నికలు అయ్యాయి. మేము ముగ్గురం స్కూలు మైదానంలో పొద్దున్నుంచి వరసలో నిలబడ్డాం. మా ముందు నిలబడిన జూలూ ముసలామె బావని గుర్తుపట్టి, నీళ్ళ బక్కీ ఆయన కదా అని అందరికీ చూపించింది. బావ ఆ రోజంతా దాన్ని గురించే చెప్పాడు, వోటు గురించి తక్కువ. కొత్త ప్రభుత్వం వచ్చింది. పెద్ద దుకాణం పక్కన ఇంకో దుకాణం వచ్చింది. ఏటి ఒడ్డున కౌలు భూములు ఏమవుతాయో ఎవరూ చెప్పలేకపోయారు. బావ మెత్తగా నడుపుతూ, వాననీళ్ళు కాచి పోస్తూ, రౌండు నడిపించాడు.

శుక్రవారం అక్క పూజ పెద్దది. ఇంట్లో ఉన్న చిన్న అమ్మవారి విగ్రహానికి పాలతో, కొబ్బరినీళ్ళతో, చివర పసుపునీళ్ళతో అభిషేకం చేస్తుంది. అన్నీ కలిసిన ఆ నీళ్ళు ఎక్కడపడితే అక్కడ పారబోయకూడదు, ఎవరి కాలూ పడకూడదు. మా అమ్మ అలాగే చేసేది, చెరకు తోటల్లో కూలీలుండే బారకాసుల్లో మా నాయనమ్మ అలాగే చేసేదట. ఎప్పుడూ కరివేపాకు చెట్టు మొదట్లో పోస్తుంది. ఆ శుక్రవారం చెట్టు చుట్టూ బావ కొత్తగా పెంట వేసి ఉన్నాడు. పెంటమీద అమ్మవారి నీళ్ళు ఎలా పోయడం? చెంబు పట్టుకుని పెరట్లో నిలబడి చూసింది. బక్కీ బానెట్టు ఎత్తి ఉంది. బావ పెరటి మడిలో కొత్తిమీర కోస్తున్నాడు. జాడీలో నీళ్ళు తగ్గి ఉన్నాయి.

తర్వాత ఆమే నాకు చెప్పింది. "ఆ బండి నీళ్ళు తాగుద్ది గదా, తమ్ముడూ. కాళ్ళు పడే సోటు కాదు. అమ్మ నీళ్ళు పోత్తే ఆయనకి మంచిదే గదా అనుకున్నా."

బిరడా తీసి చెంబు మొత్తం పోసింది. పసుపునీళ్ళు జాడీలో పడగానే రక్తంలా ఎర్రబడ్డాయి. ఆమె బావని కేకేసింది. ఇద్దరూ చూశారు. పసుపులో సున్నం కలిపి దిష్టి తీసే ఎర్రనీళ్ళు మనందరం చూసినవే, జాడీలో నీళ్ళు అచ్చం అలాగే ఉన్నాయి.

"దిష్టి ఉన్నాది నీ బండికి," అంది అక్క. "సూడు, అంతా బయటికొచ్చేత్తాంది."

బావకి అది నచ్చింది. బానెట్టు దించి, కూరలు సర్దుకుని, రౌండుకి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం బావ, కూరలు కొనే ఒకరి ఇంటినుంచి ఫోను చేశాడు. నేను వెళ్ళేసరికి బక్కీ కొండ ఎత్తుమీద రోడ్డు పక్కన నిలిచి ఉంది. తొట్టిలో టమాటాలు ఎండకి మెత్తబడుతున్నాయి. మొదటి వీధిలోనే దగ్గుతూ మొదలైందట. గేట్ల దగ్గర ఆడవాళ్ళు కనిపెట్టుకుని ఉంటారని, ఎత్తు దాటితే చాలని, అలాగే తొక్కి నడిపాడు. ఆగిన తర్వాత కూడా దారినపోయేవాళ్ళని పిలిచి తోయించి, రెండుసార్లు పల్లంలోకి దొర్లించి స్టార్టు చేయబోయాడు.

బానెట్టు ఎత్తాను. జాడీ నిండా నురగ. చిన్న సీసా నిండా నురగ. గొట్టం తీస్తే కార్బురేటరు నోట్లోంచి ఎర్రటి నురగ పొంగి నా చేతిమీద పడింది. వేళ్ళమధ్య రుద్దితే జారింది. సబ్బు. పసుపు అంటిన బట్టకి సబ్బు రాస్తే ఎర్రబడుతుందని మన ఇళ్ళలో ఎవరికి తెలియదు? పాలలోని వెన్న, కాస్టిక్ సోడా, వేడి. మా నాయనమ్మ కాలంలో బారకాసుల్లో మేకకొవ్వుతో సబ్బు ఇలాగే చేసేవాళ్ళు. సీసాలో నీళ్ళు మంటని ఆపడానికి పెట్టినవి, నురగని అవేం ఆపుతాయి. నురగ తనతోపాటు కాస్టిక్‌ని కూడా ఇంజనులోకి మోసుకుపోయింది. కార్బురేటరు లోపలి లోహం అప్పటికే నల్లగా గుంటలు పడుతోంది.

"ఏమైంది?" అన్నాడు బావ.

"అక్క ఏమైనా పోసిందా ఇందులో?"

ఆయన చెప్పాడు. సబ్బు ఎలా తయారైందో నేను చెప్పాను. ఆయన బక్కీ మెట్టుమీద కూర్చున్నాడు. ఎదురింటి ఆమె గేటు దగ్గర గిన్నె పట్టుకుని నిలబడి ఉంది. మాటలు అర్థంకాక మమ్మల్నే చూస్తోంది. కాసేపటికి బావ లేచి, ఆమెకి తూచి ఇచ్చి, బన్సేలాగా కొంచెం కొత్తిమీర పెట్టి, తిరిగి వచ్చి కూర్చున్నాడు.

"పొయ్యింది అంటావు."

"వినెగర్‌తో కడుగుతాను. కడిగితే పైపైన పోతుంది. లోపలికి ఎంత వెళ్ళిందో తెలియదు."

బంధువుల లారీతో ఇంటికి లాగించుకున్నాం. వినెగరు పోసి కడిగాను, నాకు తెలిసినదంతా చేశాను. ఇంజను ఆయిలు బయటికి తీస్తే బూడిదరంగు గంజిలా వచ్చింది. మెకానిక్కు ఇంటికి వచ్చి విప్పి చూశాడు. అల్యూమినియం పిస్టన్లు పురుగు కొట్టిన వంకాయల్లా ఉన్నాయి. ఆ వయసు బక్కీకి విడిభాగాలు ఇక దొరకవని, దొరికినా బక్కీ అంత చేయదని చెప్పాడు.

ఆ సాయంత్రం మెకానిక్కుని దింపి ఇంటికి వచ్చేదారిలో బావ నాతో అన్న మాట డైరీలో ఉంది, గుర్తు కూడా ఉంది. "మీ అక్కకి చెప్పకు. ముసలి బండి, ముసలితనంతో పొయ్యింది. అంతే."

"నిజానికి ఆ నీళ్ళు పోయకపోయినా ఇంకొన్ని నెలలే బావా. నా లెక్కలు అదే చెప్పాయి."

"నీ లెక్కలు కూడా దానికి చెప్పకు."

చెప్పలేదు. అక్కకి ఇప్పటికీ తెలియదు. తెలుసుకోవాలని అడగలేదు కూడా. జాడీ తోమి తిరిగి ఇవ్వబోతే వద్దంది, కాస్టిక్ పోసినదాంట్లో ఊరగాయ పెట్టనంది. కంచాలు కోసినవి కోసినట్టే గరాజులో ఒక గోనెసంచిలో ఉన్నాయి.

బక్కీ పెరట్లో చాలాకాలం నిలబడి ఉంది. ప్రతి శుక్రవారం అక్క దాని బానెట్టుకి పసుపు, కుంకుమ పెట్టేది. "ఇంకెప్పుడు తీత్తారు?" అని బావని అడిగేది. "మెకానిక్కు చెప్పాలి," అనేవాడు బావ. కొన్నాళ్ళు ఆయన చేతిబండిలో కొత్తిమీర, మిరపకాయలు పెట్టుకుని పక్క రెండు వీధులూ తిరిగాడు. హారను లేదు కాబట్టి నోటితో కేకేసేవాడు. ఆయన గొంతు అందుకు పనికొచ్చే గొంతు కాదు, సిగ్గుపడుతూ అరిచేవాడు. కొండెక్కడానికి మోకాళ్ళు ఒప్పుకోలేదు. ఒక రోజు చేతిబండి షెడ్డులో పెట్టి తలుపు వేశాడు. మడిలో కొత్తిమీర పూతకి వచ్చింది. కోయలేదు.

పాత ఇనుము కొనేవాళ్ళు బక్కీని తీసుకెళ్ళడానికి వచ్చిన రోజు అక్క పళ్ళెంలో పసుపు, సున్నం కలిపి ఎర్రనీళ్ళు చేసింది. బండి చుట్టూ తిప్పింది. జాడీలో చూసిన రంగే. ఆ పనివాళ్ళు టోపీలు తీసి పక్కకి నిలబడ్డారు, వాళ్ళకి అది ఏ పూజో అనిపించి ఉంటుంది. దిష్టినీళ్ళు మాత్రం తొక్కే చోటే పోయాలి. బక్కీ గేటు దాటాక ఆమె వాటిని రోడ్డుమీద పోసింది. బావ వరండాలో కుర్చీలోనుంచి లేవలేదు.

"సరిగ్గా చూసుకోలేదు మనం ఆ బండిని," అంది అక్క లోపలికి వస్తూ. "దిష్టి ముందే తియ్యాల్సింది."

"అవును," అన్నాడు బావ.

ఆ తర్వాతి సోమవారం పొద్దున నేను వాళ్ళింట్లో టీ తాగుతున్నాను. వీధి మూల ఇంటామె చేతిలో బేసిను పట్టుకుని తన గేటు దగ్గరికి వచ్చి నిలబడింది. ఆమెకి మతిమరుపు మొదలైందని అప్పటికే విన్నాం. రోడ్డు అటూ ఇటూ చూసింది. హారను కోసం చెవి పెట్టినట్టు తల కొంచెం పక్కకి వంచి నిలబడింది. బావ వరండాలోనుంచి ఆమెని చూశాడు. టీ కప్పు కింద పెట్టి లోపలి గదిలోకి వెళ్ళిపోయాడు. ఆమె చాలాసేపు అక్కడే ఉంది. రోడ్డుమీద ఎర్రమరక అప్పటికి దాదాపు పోయింది.